మైనస్ మూడు

"నాన్నా, నాకు మైనస్ మూడంట!"

హెల్మెట్ కూడా తీయలేదు అమ్మడు. మొహం కందగడ్డలా ఉంది. నెల్లూరు ఎండకా, కోపానికా తెలీలా.

కోచ్ నోట్‌బుక్ చూశా. ఇది రింకులో (స్కేటింగ్ మైదానంలో) ఉండగా మనోళ్లు కొట్టింది 1, తిన్నవి 4. కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేసే ఈ ఐస్ హాకీ ప్లస్ మైనస్ లెక్కని, చక్రాల స్కేట్ల మీద ఆడే రోలర్ హాకీ పిల్లల మీద ప్రయోగించాడు మహానుభావుడు.

ఆ నాలుగులో ఒకటి మా దాని తప్పే, నోరు తెరుచుకుని నిలబడింది. రెండు మాత్రం ఎక్కడో దూరం నించి దొర్లుకుంటా వచ్చిన బంతులు. కీపర్ పిల్లోడి కాళ్ల మధ్య నించి దూరిపోయినాయి. మామూలుగా ఆడే కీపర్‌కి జ్వరమంట. ఈ బుడ్డోడికి ప్యాడ్లు నడుం దాకా వచ్చినాయి, పాపం.

30 షాట్లు వస్తే, నూటికి 93 ఆపే గోలీ (కీపర్) రెండు గోల్స్ వదుల్తాడు. 90 ఆపేవాడైతే మూడు. ముందు నిలబడ్డ డిఫెండర్ అదే మనిషి, అదే ఆట. 1998-99లో అమెరికాలోని బఫెలో ఐస్ హాకీ జట్టు గోలీ డొమినిక్ హషెక్ 93.7 శాతం ఆపాడు. ఆయనకి ముందు నిలబడి ఆడినోళ్ల ప్లస్‌లో ఆయన వాటా ఎంతో! అందుకే అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు పడిన గోల్స్‌తో సరిపెట్టకుండా, ఎన్ని షాట్లు రానిచ్చారు, ఎంత దగ్గర నించి రానిచ్చారు అని కూడా చూస్తారు.

బండి మీద వస్తా ఇదంతా చెప్పా. కాసేపు ఏం మాట్లాడలా.

"ఈ లెక్క ఆ బుడ్డోడికి చెప్పబాక నాన్నా. ఇందాకే ఏడ్చాడు."