సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం

స్కాట్లాండ్ తూర్పు తీరాన గోల్ఫ్ కోసం వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే: సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని పేరున్న గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్‌లో ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఊరి జనం కుక్కల్ని వెంటేసుకుని ఫెయిర్‌వేల (కత్తిరించిన పచ్చిక దారుల) మీద తిరుగుతుంటారు. మీరూ నడవండి. పదిహేడో హోల్ దగ్గర రోడ్ బంకర్ అనే ఇసుక గుంట లోతెంతో టీవీలో తెలియదు.

బుకింగ్ దొరక్కపోతే లాటరీ ఉంది. కనీసం ఇద్దరి పేర్లతో, ఆడే రోజుకి రెండు రోజుల ముందు వేయాలి. శనివారం ఆటకి గురువారమన్నమాట. హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె) రుజువు మర్చిపోవద్దు. ఒక్క రోజు కోసం వెళ్తే నిరాశే, మూడు నాలుగు రోజులు ఉండండి. పేరు రాకపోతే పక్కనే న్యూ కోర్స్. పేరుకే కొత్త, 1895 నాటిది!

మన పచ్చిక కోర్సుల అలవాటుతో బంతిని ఎత్తుగా లేపితే సముద్రపు గాలి లాక్కెళ్తుంది. నేల ఇసుక, గట్టిది. గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద దించాలని చూస్తే దాటిపోతుంది. ముందే కింద పడేసి దొర్లించాలి. ముప్పై గజాల నుంచి పటర్ (బంతిని దొర్లించే కర్ర) వాడటానికి సిగ్గుపడక్కర్లేదు. రెండేసి హోల్స్‌కి ఒకే గ్రీన్ ఏడు చోట్ల ఉంటుంది. ఆ జత హోల్స్ నంబర్లు కలిపితే 18. వేరే జెండాకి గురిపెట్టకుండా ఈ లెక్క పనికొస్తుంది.

చూడటానికైతే 2027లో ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ టోర్నీ) మళ్లీ ఇక్కడే. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి.