రొట్టె ఇచ్చి చదువుకున్న పిలగాడు

అమెరికా నల్లవాళ్ల మీద ఏ పాఠమొచ్చినా మా పిల్లలు రాసే జవాబు ఒక్కటే: "మనుషులంతా సమానం, రంగును బట్టి చూడొద్దు." గైడ్ల అట్లనే ఉంటది, మార్కులు గూడ పడుతయి. ఇంటర్వెల్ బెల్లు కొట్టంగనే ఆ రాసినోళ్లే ఇంకొకన్ని "ఓ కర్రెగా" అని పిలుస్తరు.

నేను దేవరకొండ దిక్కు ఒక సర్కారు హైస్కూల్ల ఇంగ్లీషు చెప్త. క్లాసుల సగం తండాల పిల్లలే. ఈసారి ఎఫ్ఏ (ఏడాది నడుమల పెట్టే చిన్న పరీక్ష) పుస్తక సమీక్షకు గైడ్ల దొరకనిది ఇద్దామని, ఫ్రెడరిక్ డగ్లస్ 1845ల అచ్చేసిన ఆత్మకథ నుంచి రెండు పేజీలు జిరాక్స్ తీసి పంచిన.

డగ్లస్ బానిసగ పుట్టినోడు. బాల్టిమోర్‌ల యజమాని భార్య సోఫియా ఆల్డ్ ఆయనకు ఏబీసీడీలు మొదలుపెడితె మొగడు ఆపిచ్చిండు, చదువొస్తె బానిస ఇగ మాట వినడని. పిలగాడు ఊకుంటడా? పని మీద బయటికి పంపినప్పుడల్ల పుస్తకంతోని రొట్టె గూడ ఎంట పట్కపోయి, వాడకట్టు గరీబు తెల్ల పిల్లలకు పెట్టి, వాళ్లతోని చదువు చెప్పిచ్చుకున్నడు.

"తెల్లోళ్లకు గూడ తిండి లేకుండెనా సార్?" అన్నదొక పిల్ల. లేకుండె మరి. కడుపు నిండనోనికి అక్షరం ఉండె, రొట్టె ఉన్నోనికి అక్షరం లేకుండె. గరీబుతనం వేరు, బానిసతనం వేరని నేను ఎంతసేపు చెప్పినా అంత సక్కగ ఎక్కకపోవు.

ఆ పిల్లల పేర్లు మాత్రం డగ్లస్ రాయలే. బానిసకు చదువు చెప్పినోళ్లని తెలిస్తె వాళ్లకే ఇబ్బందని వదిలేసిండు. దీని మీద క్లాసుల పెద్ద లొల్లయింది. మేలు చేసినోళ్ల పేరు రాయాలె గద అని కొందరు, రాస్తె ఊరు బతకనిస్తదా అని కొందరు. నేను నడుమల పోలే.

స్టాఫ్ రూంల "మనకెందుకు సార్ అమెరికా ముచ్చట" అన్నరు. ఫూలే 1873లనే తన 'గులాంగిరి' పుస్తకాన్ని, నల్లవాళ్లను బానిసత్వం నుంచి విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చిండని చెప్పిన. ఆ మాట అక్కడికి తెగింది. తెగనిది ఇంకోటి: "తండా పిల్లలకు తెలుగే సక్కగ రాదు, ఇంగ్లీషెక్కడిది?"

అమెరికా మిషిగన్ రాష్ట్రంల ఆన్ ఆర్బర్ అనే ఊరి బడి మీద నల్ల పిల్లల కుటుంబాలు కోర్టుకెక్కింది ఇసుంటి మాటకే. పిల్లలు ఇంట్ల మాట్లాడే ఇంగ్లీషును లెక్కచెయ్యకుండ, చదువు రానోళ్లని ముద్రేసిండ్రని. 1979ల జడ్జి చార్లెస్ జాయినర్ తీర్పిచ్చిండు: టీచర్లు ఆ ఇంటి భాషను గుర్తుపట్టాలె, ఆ ఎరుకతోని చదువుడు నేర్పాలె. పుస్తకాలల్ల ఉండే ఇంగ్లీషు నేర్పొద్దని ఆయన అనలే. నేనూ అనను, పరీక్షల మార్కులు పోతె పిల్లలకే నష్టం.

"ఐ మ్యాంగో ఈట్" అని రాసిన పిల్లకు బుర్ర లేక కాదు. లంబాడీలనైనా తెలుగులనైనా క్రియ ఆఖరికే వస్తది. ఇప్పుడు బోర్డు మీద మూడు భాషల వాక్యాలు కిందమీద రాపిస్తున్న. లంబాడీ వరుస పిల్లలే చెప్తరు, నాకు రాదు.

వచ్చే ఎఫ్ఏకు అమెరికా నల్ల కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత్వం ఇద్దామనుకుంటున్న. నల్లవాళ్లంటె ఎంతసేపూ సంకెళ్లు, దెబ్బలేనా? 1920ల కాలంల న్యూయార్క్‌ నల్లవాళ్ల వాడ హార్లెంల పాటుండె, ఆటుండె, రాత్రంత జాజ్ ఉండె. ఒక జాజ్ పాట ఫోన్ల పెడత. మా క్లాసుల డప్పు కొట్టేటోళ్లు ఇద్దరున్నరు, ఆ దరువు వాళ్లకు అందుతదా లేదా చూడాలె.