నాబార్డ్ మెయిన్స్‌లో క్లైమేట్ ఫైనాన్స్: మన గంజాం, గజపతి ఊళ్ళ నుంచి మొదలుపెట్టి చదవండి

నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు) గ్రేడ్ ఎ ఆఫీసరు పరీక్ష రాసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, ముఖ్యంగా ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు కూర్చుని చదువుతున్న మన తెలుగు పిల్లలకీ ఈ నాలుగు మాటలు. ఫేజ్ 2లో, అంటే మెయిన్స్‌లో, ఈఎస్ఐ-ఏఆర్‌డీ (ఆర్థిక, సామాజిక అంశాలు; వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి) పేపర్ నాకు బాగా కలిసొచ్చింది. అందులోనూ వాతావరణ మార్పును తట్టుకోవడానికి డెవలప్‌మెంట్ బ్యాంకులు ఇచ్చే డబ్బు గురించి ఎక్కడ అడిగినా ధైర్యంగా రాయగలిగాను. ఈ టాపిక్ అనగానే చాలామంది ఫండ్ల పేర్లు, పెట్టిన సంవత్సరాలు బట్టీ పడతారు. ఆబ్జెక్టివ్‌కి అది చాలు. డిస్క్రిప్టివ్‌లో నిలబెట్టేది మాత్రం వేరే ప్రశ్న: ఆ డబ్బు ఊరిదాకా ఎలా వస్తుంది, వచ్చాక ఎవరి మాట చెల్లుతుంది?

ముందు బట్టీ సంగతి తేల్చేద్దాం. శివరామన్ కమిటీ సిఫార్సుతో నాబార్డ్ పుట్టింది 1982 జూలై 12న. అడాప్టేషన్ (వాతావరణ మార్పును తట్టుకునేలా సర్దుకోవడం) ఫండ్ క్యోటో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ వాతావరణ ఒప్పందం కింద వచ్చింది, ఆ ఒప్పందంలోని సీడీఎం (క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం) కార్బన్ క్రెడిట్లలో 2 శాతం దానికి పోయేలా పెట్టారు. దానికి మన దేశం తరఫున నాబార్డ్ 2012లో నేషనల్ ఇంప్లిమెంటింగ్ ఎంటిటీ, అంటే ఆ ఫండ్ డబ్బు తీసుకుని ప్రాజెక్టులు నడిపే జాతీయ సంస్థ, అయింది. గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2010 కాంకున్ సదస్సులో ఏర్పడింది, ఆఫీసు దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో. నాబార్డ్‌కి అక్కడ గుర్తింపు 2015లో దక్కింది. మన నేషనల్ అడాప్టేషన్ ఫండ్ కూడా అదే ఏడాది మొదలైంది. 2024లో బాకూ వాతావరణ సదస్సులో అభివృద్ధి చెందుతున్న దేశాలకి క్లైమేట్ ఫైనాన్స్ ఇవ్వడానికి ఒప్పుకున్న లక్ష్యం 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్ డాలర్లు. ఇది ఒక సాయంత్రం పని. ఇంతకంటే ఎక్కువ టైం దీనికి ఇవ్వొద్దు.

అసలు చదువు 'డైరెక్ట్ యాక్సెస్' దగ్గర మొదలవుతుంది. మధ్యలో అంతర్జాతీయ సంస్థ లేకుండా దేశంలోని సంస్థే ఫండ్ దగ్గర నేరుగా డబ్బు తీసుకోవడం అన్నమాట. దీనికి మన ఒడిశాలోనే మంచి జంట ఉదాహరణ ఉంది. 2017లో గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఒడిశా గిరిజన ప్రాంతాల్లో చెరువుల ద్వారా భూగర్భ జలాలు పెంచి, సోలార్ పంపులతో సాగునీరిచ్చే ప్రాజెక్టుకి 34 మిలియన్ డాలర్ల పైచిలుకు గ్రాంటు ఇచ్చింది. 15 జిల్లాల్లో దాదాపు 10,000 చెరువులు. డబ్బు నాబార్డ్ ద్వారా వచ్చింది. ఇక 2018లో ఒడిశా, ఆంధ్ర, మహారాష్ట్ర తీర ప్రాంతాలకి అదే ఫండ్ ఆమోదించిన ప్రాజెక్టు యూఎన్‌డీపీ అనే ఐక్యరాజ్యసమితి సంస్థ ద్వారా వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే డైరెక్ట్ యాక్సెస్‌కి నిర్వచనం ఇవ్వాల్సిన పనే ఉండదు.

అయితే నాబార్డ్ దాకా వస్తే ఊరికి వచ్చినట్టేనా? కాదు. ఈ తేడా మా పిన్ని ఇంట్లో నాకు కళ్ళకి కట్టింది. ఆవిడది గోపాల్‌పూర్ వైపు మత్స్యకారుల ఊరు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను అక్కడికి దగ్గర్లోనే తీరం దాటింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు 153 మిలియన్ డాలర్ల సాయంతో ఒడిశా డిజాస్టర్ రికవరీ ప్రాజెక్టు వచ్చింది. అందులో ఇళ్ళు కట్టే పద్ధతి చూడండి: కాంట్రాక్టరు కట్టి తాళాలు ఇవ్వడం కాదు, ఇంటివాళ్ళే కట్టుకోవాలి. డబ్బు విడతలుగా వాళ్ళ ఖాతాలో పడుతుంది. పునాది లేచిందా ఒక విడత, గోడలు లేచాయా ఇంకో విడత. పిన్ని మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని, వాకిట్లో ఎండు చేపలు ఆరబెట్టుకోవడానికి వీలుగా అరుగు ఎత్తు పెంచించుకుంది, వలలు తడవకుండా పెట్టుకోవడానికి మెట్ల కింద జాగా వదిలించుకుంది. "నా ఇల్లు నాకు తెలీదేటి?" అని ఒకటే మాట. మనీలాలోనో వాషింగ్టన్‌లోనో కూర్చున్న ఇంజినీరుకి ఆ అరుగు తట్టదు. లోకల్లీ లెడ్ అడాప్టేషన్ (స్థానికులే నిర్ణయించి నడిపే పద్ధతి) మీద ఎన్ని పేజీలు చదివినా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

దీన్ని సిద్ధాంతంతో కలపడం తేలికే. 2021 జనవరిలో క్లైమేట్ అడాప్టేషన్ సమ్మిట్‌లో ఈ లోకల్లీ లెడ్ అడాప్టేషన్‌కి 8 సూత్రాలు ప్రకటించారు. నిర్ణయాధికారం వీలైనంత కింది స్థాయికి ఇవ్వడం మొదటిది. ఆడవాళ్ళు, ఆదివాసీలు, నిర్వాసితుల వంటివాళ్ళు వెనకబడిపోకుండా చూడడం, డబ్బు ఓపిగ్గా, ముందే తెలిసేలా ఇవ్వడం, ప్రాజెక్టు అయిపోయాక కూడా నిలిచే స్థానిక సంస్థలు తయారుచేయడం, ఇవి నేను ఎక్కువగా వాడినవి. కెన్యా ఉదాహరణ తప్పక పట్టుకోండి. ప్రపంచ బ్యాంకు 2021లో 150 మిలియన్ డాలర్లు ఆమోదించిన కార్యక్రమం అది. కౌంటీ ప్రభుత్వాల ద్వారా వార్డు స్థాయి కమిటీల దాకా నిర్ణయం దిగుతుంది.

మనకి కెన్యా దాకా పోవాల్సిన పని కూడా లేదనుకోండి. 1990లలో జర్మన్ డెవలప్‌మెంట్ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ డబ్బుతో మహారాష్ట్రలో ఇండో-జర్మన్ వాటర్‌షెడ్ (ఒక వాగు పరివాహకంలో నేలనీ నీటినీ కాపాడే పని) కార్యక్రమం నడిచింది. ఊరివాళ్ళు ముందు శ్రమదానం చేసి తమ పట్టుదల చూపాలి, గ్రామ వాటర్‌షెడ్ కమిటీ ఏర్పాటు చేసుకోవాలి. ముందు కొంచెం విస్తీర్ణంలో చేసి చూపించాకే మిగతా డబ్బు. ఆ అనుభవం మీదే 1999-2000లో నాబార్డ్ దగ్గర వాటర్‌షెడ్ డెవలప్‌మెంట్ ఫండ్ పెట్టారు. ఈ ఒక్క కథ బాగా తెలిస్తే ఏఆర్‌డీలో మూడు నాలుగు రకాల ప్రశ్నలకి పనికొస్తుంది.

గజపతి జిల్లా పిల్లలు తిత్లీని వదలకండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను గజపతి కొండల్ని ముంచెత్తింది. బారఘరా ఊళ్ళో వానకి తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగిపడింది. తుపాను అనగానే తీరం, షెల్టరు, గాలి అనుకుంటాం. కొండ మీద సవర ఊళ్ళకి ప్రమాదం నీళ్ళూ మట్టీ రూపంలో వస్తుంది. ఏ వాగు ముందు పొంగుతుందో, ఏ వాలు జారుతుందో అక్కడివాళ్ళకే తెలుసు. స్థానిక జ్ఞానాన్ని వాతావరణ శాఖ అంచనాతో కలపాలి అని రాసేటప్పుడు ఈ ఉదాహరణ పెట్టాను. నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన పేరా అదే. అదే సూత్రానికి వెలుగు వైపు ఉదాహరణ కూడా గంజాంలోనే ఉంది: సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా 2020లో యునెస్కో గుర్తించిన రెండిట్లో వెంకట్రాయిపూర్ ఒకటి, రెండోది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి.

ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న మీకూ రావచ్చు: "వెనక్కి డబ్బు రాని పనికి బ్యాంకు ఎందుకు ఇవ్వాలి?" నేను పనుల్ని విడదీసి చెప్పాను. కొండవాలు మీద కందకాలకి, మడ అడవులకి ఎవరూ ఫీజు కట్టరు, అక్కడ గ్రాంటు కావాలి. ఊరి నుంచి షెల్టరుకి రోడ్డు రాష్ట్రం పని, దానికి 1995-96లో మొదలైన ఆర్‌ఐడీఎఫ్ (నాబార్డ్ దగ్గరి గ్రామీణ మౌలిక వసతుల ఫండు) అప్పు ఉంది. వ్యవసాయం లాంటి ప్రాధాన్య రంగానికి అప్పులు ఇవ్వాల్సినంత ఇవ్వని బ్యాంకులు పెట్టే డిపాజిట్లే ఆ ఫండు. ఐస్ పెట్టెలు, సోలార్ డ్రయ్యర్లు సంపాదన తెచ్చేవి, వాటికి 1992 నుంచి నడుస్తున్న స్వయం సహాయక సంఘాల-బ్యాంకు లింకేజీ చాలు. పేద ఊరి మీద అప్పు రుద్ది దాన్ని క్లైమేట్ సాయం అనడం అన్యాయం అని కూడా అన్నాను. బోర్డులో ఒకరు దాని మీదే చాలాసేపు గుచ్చి గుచ్చి అడిగారు, నేను వెనక్కి తగ్గలేదు.

నోట్సు సంగతి. ప్రతి ప్రాజెక్టుకీ అర పేజీ పెట్టుకోండి: డబ్బు ఎవరిది, గ్రాంటా అప్పా, ఎవరి చేతుల మీదుగా వస్తుంది, ఊళ్ళో ఎవరు తేలుస్తారు, ప్రాజెక్టు పోయాక ఏం మిగులుతుంది. నాబార్డ్ వార్షిక నివేదిక, గ్రీన్ క్లైమేట్ ఫండ్ వాళ్ళ ప్రాజెక్టు పత్రాలు చాలు, కోచింగ్ పీడీఎఫ్‌లు పోగెయ్యకండి. మనలో చాలామంది ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. నేను నోట్సు తెలుగులోనే రాసుకున్నాను, విషయం గట్టిగా పట్టుబడ్డాక ఇంగ్లీషులో టైప్ చేసేదాన్ని. జవాబు కంప్యూటర్ మీదే టైప్ చెయ్యాలి కాబట్టి కీబోర్డు మీద రోజూ ఒక జవాబు కొట్టండి, గడియారం ఎదురుగా పెట్టుకుని. గజపతి, గంజాం జిల్లాల్లో నాబార్డ్ వాటర్‌షెడ్ పనులు ఎక్కడ జరిగాయో మీ బ్లాక్ ఆఫీసులో అడిగితే చెబుతారు. ఒకసారి వెళ్ళి కమిటీవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ తీర్మానాల రిజిస్టరు చూపించమని అడగండి.