ఆసుపత్రి బిల్లు తర్వాత సంగతి

రిటైర్మెంట్ లెక్కలు వేస్తూ మా ఆయనా నేనూ ఒక విషయం దగ్గర ఆగిపోయాం. ఆరోగ్య బీమా ఉంది, సరే. అత్తయ్యకి తుంటి విరిగినప్పుడు ఆపరేషన్ ఖర్చు అదే భరించింది. కానీ ఆ తర్వాత నెలల తరబడి ఆవిణ్ణి మంచం మీంచి లేపి, స్నానం చేయించి, బాత్రూమ్‌కి నడిపించిన మనిషి జీతం మాత్రం మా చేతి నుంచే పోయింది.

ఇందుకోసం దీర్ఘకాలిక సంరక్షణ బీమా అని విడిగా ఉంటుంది. స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మంచం దిగడం, టాయిలెట్‌కి వెళ్లడం, మలమూత్రాలపై అదుపు: సాధారణంగా ఈ ఆరింటిలో రెండు సొంతంగా చేసుకోలేకపోతే డబ్బు వస్తుంది. అదీ వెంటనే కాదు, చాలా పాలసీల్లో మొదటి 90 రోజులు మనమే పెట్టుకోవాలి. జబ్బు ముదిరాక అడిగితే పాలసీ దొరకడం కష్టం. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీన్ని తప్పనిసరి చేశాయి. చాలా దేశాల్లో మాత్రం ఎవరి ఏర్పాటు వాళ్లదే.

డబ్బు కంటే నాకు టెన్షన్ పెట్టేది ఇంకోటి. ఎవరు చూస్తారు? పిల్లలతో ఈ మాట ఎత్తడం కష్టమే, అయినా ఎత్తాం. ఇంట్లోనే ఉండాలనుకుంటున్నామని, మమ్మల్ని లేపి కూర్చోబెట్టే భారమంతా వాళ్ల మీదే వేయబోమని చెప్పాం. వచ్చే నెల నుంచి దీనికోసం విడిగా పొదుపు మొదలుపెడుతున్నాం.