గుండెను విడదీయకముందే చూడాల్సినవి

ఇండియాలో పాథాలజీ చదివి బ్రిటన్‌లో పెరినేటల్ విభాగంలో (కడుపులోనో, పుట్టిన కొద్దిరోజులకో చనిపోయిన బిడ్డలకి పోస్ట్‌మార్టమ్ చేసే చోట) చేరేవాళ్ళు కత్తి కన్నా ముందు చేతిలోకి తీసుకోవాల్సింది సమ్మతి పత్రం. కరోనర్ (కారణం తెలియని మరణాల్ని విచారించే అధికారి) ఆదేశించిన కేసులు వేరు. మిగతావాటికి తల్లిదండ్రులు ఒప్పుకున్నంతవరకే మన పని. "గుండె మాత్రమే" అని రాసి ఉంటే, కిడ్నీల మీద ఎంత అనుమానమున్నా ముట్టుకోకూడదు. కోత అసలొద్దన్నవాళ్ళకి ఎక్స్‌రే, పైపై పరీక్ష, మాయ పరీక్ష ఉన్నాయని చెప్పాలి. వాటితోనే కారణం దొరికిన కేసులు తక్కువేం కాదు.

కణజాలాన్ని నిలవ ఉంచడానికి వాడే ఫార్మలిన్ డీఎన్‌ఏని పాడుచేస్తుంది కాబట్టి చర్మం ముక్కో, మాయలో బిడ్డవైపు ముక్కో ముందే పచ్చిగా తీసి పెట్టుకోవాలి. కడుపులోనే చనిపోయి నానిపోయిన బిడ్డలో కణాలు ల్యాబ్ కల్చర్‌లో పెరగకపోయినా మైక్రోఅరే (క్రోమోజోముల్లో తగ్గిన, పెరిగిన ముక్కల్ని పట్టే డీఎన్‌ఏ పరీక్ష) చెయ్యొచ్చు, దానికి బతికున్న కణాలు అక్కర్లేదు. అలాంటి బిడ్డ వయసు అంచనాకి ఒంటి పొడవు కన్నా పాదం పొడవు నమ్మదగింది.

ఎక్కువగా చేజారేది గుండె దగ్గరే. గుండెనీ ఊపిరితిత్తుల్నీ విడదీసేశాక పల్మనరీ సిరలు (ఊపిరితిత్తుల నుంచి గుండెకి రక్తం తెచ్చేవి) ఎక్కడ కలిశాయో ఇక తెలీదు. ఛాతీలో ఉండగానే గుండె కొనని పైకెత్తి, నాలుగు సిరలూ ఎడమ కర్ణికలోకే వెళ్తున్నాయా అని ప్రోబ్‌తో (సన్నటి కడ్డీతో) చూడాలి. వెళ్ళకపోతే ఛాతీ, పొట్ట అవయవాల్ని ఒకే గుత్తిగా బయటికి తీయాలి, ఎందుకంటే ఆ సిర ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ దాటి కిందికి దిగి ఉండొచ్చు.

కిడ్నీలు రెండూ లేని బిడ్డలో, మామూలుగా కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు బిళ్ళల్లా చదునుగా ఉంటాయి. వాటిని చూసి కిడ్నీలని పొరబడొద్దు. కిడ్నీలు లేకపోతే ఉమ్మనీరు ఉండదు, అది లేక ఊపిరితిత్తులు ఎదగవు. వాటి బరువుని ఒంటి బరువుతో భాగిస్తే గర్భంలో 28 వారాలు దాటినవాళ్ళలో 0.012 కన్నా, అంతకు ముందు 0.015 కన్నా తక్కువ వస్తుంది.

తల వెనక ఎముక సందులోంచి మెదడు బయటికొచ్చిన బిడ్డ విషయంలో అక్కడితో ఆగిపోవడం చాలా నష్టం. అదొక్కటే లోపమైతే మళ్ళీ వచ్చే అవకాశం 2 నుంచి 5 శాతం. తర్వాతి కాన్పుకి ముందునుంచే తల్లికి రోజుకి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. కిడ్నీల నిండా తిత్తులు, ఆరో వేలు కూడా ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే మెకెల్ గ్రూబర్ సిండ్రోమ్: మళ్ళీ వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ 25 శాతం, ఫోలిక్ యాసిడ్ ఆపలేదు. కిడ్నీలు, కాలేయం ముక్క, కాళ్ళూచేతుల వేళ్ళన్నీ చూడకుండా ఆ రిపోర్టు మీద సంతకం పెట్టొద్దు.