పల్లీ నూనె వెతికేవాళ్లకు మా బుడ్డల నూనె కనబడటానికి పట్టిన కాలం

మాది అనంతపురం పాతూరు. మా నాయనకు 40 ఏళ్లుగా గానుగే బతుకు. 2023 చివర్లో మా నూనెలకు వెబ్‌సైటు పెట్టుకున్నాం. ఏడు నెలలైనా దాంట్లో ముఖపరిచయం లేని మనిషి ఒక్కరూ కొనలేదు. వచ్చిన ఆర్డర్లన్నీ నేను వాట్సాప్‌లో లింకు పంపిన బంధువులవే.

నెల రోజుల్లో గూగుల్‌లో మొదటి స్థానం తెప్పిస్తానన్న ఒకాయనకు డబ్బు కట్టాను. ఏ మార్పూ రాలేదు. ఒకరోజు అనుమానం వచ్చి పేజీ మొత్తం సెలెక్ట్ చేసి చూస్తే, అడుగున తెల్ల నేల మీద తెల్ల అక్షరాలతో గానుగ నూనె, మంచి నూనె, చవక నూనె అని వరసబెట్టి నింపాడు. కడుపు మండిపోయింది. ఇలా దాచిన రాతలను గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుంది, సైటు వెనక్కి పోవచ్చు, అసలు కనబడకుండానూ పోవచ్చు. పేజీ కోడ్‌లో వెతుకులాట మాటలు రాసే కీవర్డ్స్ ట్యాగులో కూడా అవే మాటలు. ఆ ట్యాగును ర్యాంకింగుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. రెండూ ఆ రాత్రే తీసేశాను.

తర్వాత సెర్చ్ కన్సోల్ తెరిచాను, మన సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ పనిముట్టు. అది ఉచితం. సైటు చిరునామా, అంటే డొమైన్, మనదేనని చూపడానికి అది ఇచ్చే ఒక రికార్డును డొమైన్ సెట్టింగుల్లో అతికిస్తే చాలు. మా 14 ఉత్పత్తుల పేజీల్లో తొమ్మిదింటికి 'క్రాల్ చేయబడింది, ప్రస్తుతం ఇండెక్స్ కాలేదు' అని ఉంది. అంటే గూగుల్ వచ్చి చదివి, తన వెతుకులాట జాబితాలో (ఇండెక్స్‌లో) చేర్చుకోకుండా వెళ్లిపోయింది. ఎందుకో తెలుసుకోవడానికి మా పేజీలోని ఒక వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి వెతికాను. అదే పేరా ఎన్నో సైట్లలో ఉంది! సైటు కట్టినవాళ్లు ఎక్కడినుంచో తెచ్చి అతికించారు. పైగా ఆ పేరాలో గుండె జబ్బు, షుగర్ తగ్గుతాయని కూడా రాసి ఉంది. తినే వస్తువు అమ్ముతూ జబ్బు నయమవుతుందని చెప్పడం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలకు విరుద్ధం. మా లైసెన్స్ నంబరు పక్కనే ఆ మాట అన్ని నెలలు ఉందనుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

ఇక మేం కనబడిన వెతుకులాటల జాబితా చూస్తే, అన్నీ మా అంగడి పేరే. మేం ముందే తెలిసినవాళ్లే వెతుకుతున్నారన్నమాట.

దారి చూపింది ఒక ఫోన్. హైదరాబాద్ నుంచి ఒకావిడ, మా బంధువుల దగ్గర నంబరు తీసుకుని చేసింది. "అన్నా, ఇది పల్లీ నూనేనా? పూరీలు చేస్తే నురగ వస్తదా? అడుగున మడ్డి ఉంటదా?" అని అడిగింది. పల్లీ అన్న మాట మా సైటులో ఎక్కడా లేదు. మేం బుడ్డలంటాం, కోస్తావాళ్లు వేరుశనగ అంటారు, తెలంగాణలో పల్లీ. కాయ ఒకటే అయినా వెతికే మాటలు మూడు. పైగా చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి వెతుకుతారు.

ఆ రోజు నుంచి ఫోన్లో అడిగినవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. సాయంత్రాలు నాయన పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా అడిగాను. మా గానుగలో లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పప్పు పడుతుంది. తెచ్చేది ఎక్కువగా కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 రకం కాయ. ఆడిన నూనెను తేరుకోనిచ్చి వడకట్టినా అడుగున కాస్త మడ్డి మిగులుతుంది, అది కల్తీ కాదు. చలికి నూనె చిక్కబడినా చెడినట్టు కాదు. "కాయ సరిగా ఎండకపోతే ఎంత మంచి గానుగైనా నూనె నిలవదురా" అన్నాడు నాయన. ఆ మాటను ఆయన అన్నట్టే పేజీలో పెట్టాను. ఇవి మరే సైటులోనూ దొరకవు, ఎందుకంటే ఇవి మా గానుగవి.

లీటరుకు, రెండు లీటర్లకు, ఐదు లీటర్లకు అదే రాతతో మూడు పేజీలుండేవి. వాటిని ఒకే పేజీగా కలిపి, పాత చిరునామాలు దానికే వెళ్లేలా శాశ్వత రీడైరెక్ట్ పెట్టాను. అన్ని పేజీలకూ మా అంగడి పేరొక్కటే టైటిల్‌గా ఉండేది, ఇప్పుడు ఈ పేజీకి 'చెక్క గానుగ వేరుశనగ నూనె, పల్లీ నూనె – అనంతపురం' అని ఉంది. ఫొటోల వెనక కోడ్‌లో ఉండే వివరణలో, అంటే ఆల్ట్ టెక్స్ట్‌లో, అక్కడ కనబడేదే రాశాను. ధర, స్టాకు గూగుల్‌కు అర్థమయ్యేలా ప్రొడక్ట్ స్కీమా అనే కోడ్ మా తమ్ముడు చేర్చాడు.

ఇండెక్స్ చేయమని కోరాక రెండు వారాలు ఏమీ జరగలేదు. రోజూ పొద్దున కన్సోల్ తెరిచి చూసేవాణ్ని. మూడో వారంలో పేజీ ఇండెక్స్ అయింది. జాబితాలో మొదటిసారి పల్లీ నూనె అన్న మాట కనబడింది, 40 దాటిన స్థానంలో. అది తొమ్మిదికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నెల రోజులని మాటిచ్చేవాళ్లను ఇక నేను నమ్మను.

మొదటి తెలియని ఆర్డరు వరంగల్ నుంచి వచ్చింది, ఐదు లీటర్లు. నాయన డబ్బాకు మూత బిగించి, "వాళ్లెవరు?" అని అడిగాడు. పల్లీ నూనె అని వెతికితే మనం కనబడ్డామంట అని చెప్పాను.

నువ్వుల నూనె పేజీ ఇంకా ఇండెక్స్ కాలేదు. ఈ వారం దాని గురించి నాయనను అడుగుతున్నాను. నల్ల నువ్వులకూ తెల్ల నువ్వులకూ ఆడించడంలో తేడా దగ్గరే రెండు సాయంత్రాలు గడిచాయి.