చంటిపిల్లల బైపాస్‌కి వీనస్ లైన్ ఎంచుకోవడం: నా అనుభవం

గుంటూరులో పిల్లల గుండె ఆపరేషన్లకి బైపాస్ సర్క్యూట్ (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రానికి రక్తం తిప్పే గొట్టాల వరస) కట్టేటప్పుడు, వీనస్ లైన్ (సిరల రక్తాన్ని యంత్రానికి దించే గొట్టం) విషయంలో నేను ముందు చూసేది గొట్టం కాదు, దాని కొసన సిరలోకి దూర్చే కాన్యులా. వీనాకావాల్లో (గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిరల్లో) ఏ సైజు పడుతుందో సర్జన్ తేలుస్తారు. అది లాగలేని రక్తాన్ని ఎంత లావు గొట్టం వేసినా లాగలేం. కాన్యులాతో వచ్చే ప్రెషర్-ఫ్లో చార్టు సాధారణంగా నీళ్లతో కొలిచిందే. రక్తం అంతకంటే చిక్కన, చల్లబరిస్తే ఇంకా చిక్కన. అందుకే చార్టులోని ఫ్లోలో కొంత కొట్టేసి లెక్క వేసుకుంటాను.

4 కిలోల బిడ్డనే తీసుకుందాం. కిలోకి 150 చొప్పున ఫుల్ ఫ్లో నిమిషానికి 600 మి.లీ. ఒంట్లో ఉండే రక్తం 340 దాకా. మీటరు గొట్టంలో పట్టేది 3/16 అంగుళాల లోపలి వ్యాసానికి 18 మి.లీ., 1/4కి 32, 3/8కి 71. మీటరున్నర లైనులో 3/8 తీసి 1/4 వేస్తే 60 మి.లీ. ప్రైమ్ (సర్క్యూట్‌ని ముందే నింపే ద్రవం) తగ్గుతుంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 40 ఉన్న బిడ్డకి రక్తం కలపని ప్రైమ్ 300 అయితే అది 21కి దిగుతుంది, 240 అయితే 23 దగ్గర ఆగుతుంది. కలపాల్సిన రక్తమూ ఆ మేరకు తగ్గుతుంది.

అయితే 3/16 ఇంకా మేలు కదా? కాదు. పలచబడిన రక్తం 600 ఫ్లోలో మీటరున్నర పోవడానికి 3/16లో 22 ఎంఎంహెచ్‌జీ దాకా ప్రెషర్ ఖర్చవుతుంది, 1/4లో 7 చాలు. బిడ్డకీ, రక్తం వచ్చి చేరే కింది తొట్టె అయిన రిజర్వాయర్‌కీ 40 సెం.మీ. ఎత్తు తేడా ఉంటే చేతికొచ్చేదే 30. దాన్ని గొట్టమే తినేస్తే కాన్యులాకి ఏం మిగులుతుంది? 3/8కి పోతే 7 కాస్తా ఒకటిన్నర అవుతుంది. ఆ అయిదారు కోసం 60 మి.లీ. పోయడం నాకు నచ్చదు.

లైను బారు తగ్గించడమే అసలు లాభం. అందుకోసం రిజర్వాయర్ని బల్ల పక్కకి జరిపి పైకెత్తితే సైఫన్ బలం (ఎత్తు తేడా వల్ల వచ్చే లాగుడు) తగ్గుతుంది, ఆ లోటుకి 20 నుంచి 40 ఎంఎంహెచ్‌జీ వాక్యూం పెడతాం. వాక్యూం ఆపిన మరుక్షణం రిజర్వాయర్ వెంట్ (గాలి పోయే దారి) తెరవాలి. లేకపోతే సక్కర్ పంపులు (ఆపరేషన్ చోట చేరిన రక్తాన్ని పీల్చేవి) మూసిన రిజర్వాయర్లో ప్రెషర్ పెంచి, వీనస్ లైను గుండా గాలిని బిడ్డ వైపు తోస్తాయి. రిలీఫ్ వాల్వు ఉందిలే అని గేజ్ మీంచి కన్ను తీయకూడదు. అలాగని మరీ కురచ చేస్తే డ్రేప్ (బిడ్డపై కప్పిన గుడ్డ) కదిలినప్పుడల్లా కాన్యులాని లాగినట్టవుతుంది.

లైను దడదడలాడిందంటే సిర గోడ కాన్యులా రంధ్రాలకి అతుక్కుంటోందన్నమాట. వాక్యూం తగ్గించాలి. చాలామంది పెంచుతారు, దాంతో ఫ్లో ఇంకా పడిపోతుంది.

గొట్టాల ప్లాస్టిక్ (పీవీసీ) వేడికి మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని స్టోర్‌లో ప్యాక్‌లు ఉంచొద్దు. రీవార్మింగ్‌లో (బిడ్డని మళ్లీ వెచ్చబరిచేటప్పుడు) డ్రెయినేజ్ తగ్గితే ముందు డ్రేప్ అంచు దగ్గర వంపు చూడండి. 1/16 అంగుళం మందం గోడ కంటే 3/32 అంగుళం మందం గోడ ఉన్న గొట్టం అక్కడ అంత త్వరగా మడత పడదు.

10 కిలోల దగ్గర ఫ్లో 1.2 లీటర్లకి చేరితే 1/4 లైనే 14 తినేస్తుంది. అక్కడ 3/8కి మారతాను.